వెండివిమానపు పంకా

మాలకొండమ్మ యనునామె లోకమున అన్నింటికంటె మిక్కిలిగా వెఱచుచుండినది దేనికనగా ఏదో యొకనాడు తాను పొయ్యికడ కూలి ప్రాణము విడువగా ఆ సంగతి యెవ్వరికిని తెలియక ఏడాదిన్నర పసికూన కావేరి తన ప్రక్కను కూర్చుండి కొంగు లాగుచు పిలిచి పిలిచి ఆకలికి సొమ్మసిల్లిపోవునేమో యని. చావన్న ఆమెకంత వెఱపు లేదు. చచ్చినవారికి ఆకలి లేదు గదా. ఆకలి గలది బిడ్డ.

కృత్తిక కార్తె కడపటికి వచ్చి రోహిణి తొంగిచూచుచుండిన దినములవి. రోహిణిలో రోళ్లు పగులునని పెద్దలందురు గాని ఆ పెదమిట్ట మైదానమున పగులుటకు రోళ్లైనను లేవు. యుద్ధకాలమున దొరలు వేయించిన విమానముల బాట తూర్పునుండి పడమటికి పాము విడిచిన కుబుసమువలె పడియుండి బీటలువాఱి ఆ బీటలయందు జిల్లేడును ఉత్తరేణియు మొలిచి పూచి యెండి మరల మొలచుచుండ దానికిరుప్రక్కల కనుచూపుమేర తుమ్మచెట్లు మాత్రమే తమ నీడలను తామే త్రొక్కుకొనుచు నిలిచియుండెను. ప్రొద్దెక్కినకొలది నేలనుండి లేచు ఎండమావులు ఆ బాటను తళతళలాడు మహాసరస్సుగా మార్చగా ఆ లేని నీటినడుమ తేలియాడు రాజహంసమో యన వెండివన్నె గల పాతకాలపు ప్రయాణికుల విమానమొకటి ముక్కు నింగికెత్తి తోక నేలకానించి యేండ్లతరబడి కదలక యుండెను. ఉత్తరదిశను దూరముగా రైలుకట్ట గలదు. దినమునకొకసారి ప్యాసింజరు బండి ఆ కట్టమీద పోవును. అది యచ్చట నిలువదు. కిటికీలకడ కూర్చున్నవారు మైదానమువైపు చూతురో చూడరో యెవరికెఱుక?

బాటకు దక్షిణపుటంచున పూర్వము నిప్పులార్పు యంత్రమునుంచిన ఱేకులగది యొకటి మాలకొండమ్మ కాపురమయ్యెను. ఆమె మామ ఆ మైదానమునకు కావలివాడై యుండి ఆ గదిలోనే కన్ను మూసెను. తరువాత ఆ గది సంగతి సర్కారువారు మఱచిరి. మగడు తిరుపాలు బోరులారీలో పనికి కుదిరినవాడగుటచే పరుల పొలములలో పాతాళగంగను వెదకుచు దేశములు తిరుగునేగాని తన యింటి కడవ నిండెనో లేదో యెఱుగడు. ఉగాదికి వచ్చెను. మరల ఆ దారిని లారీ వచ్చిననాడే వచ్చుట. గుండంచెర్ల గ్రామము రెండు కోసుల దవ్వు. ఆమె చదువు తల్లి మంచము పట్టుటచేత ఏడవ తరగతి నడుమనే తెగిపోగా తెగినచోటనే ఆమె మనస్సు ఇంకను చిక్కుకొనియుండి పచారీ సరకులు చుట్టివచ్చిన కాగితపు ముక్కలనైనను విప్పి సాపుచేసి కూడబలుకుకొని చదువుకొనుచుండెను. సగములో చినిగిన వార్తల కడపటి భాగము ఏమైయుండునో యని రాత్రియెల్ల తలపోయుట ఆమె కలవాటు.

కాన్పైనది మొదలు ఆమెకు కండ్లు తిరుగు జబ్బొకటి పట్టుకొనెను. ఒక ప్రొద్దున అంబలి కలుపుచు కలుపుచు కూలినది. తెలివి వచ్చి చూచునప్పటికి బిడ్డ తన జుట్టు పట్టుకొని లాగుచుండెను. పొయ్యిలోని కొఱవి యొకటి జాఱి బిడ్డపాదమునకు జానెడు దూరమున పొగలు గ్రక్కుచుండెను. ఆ జానెడు దూరమే నాటినుండి ఆమె గుండెలలో కాపురముండెను.

ఆ మైదానమున ఆమెకు పొరుగన్నది ఒక్కటే. అది ఆ విమానము. విమానపు ఱెక్కక్రింద గోనెపట్టాలతో పంచవేసికొని దేవసహాయమను వృద్ధుడు వసించుచుండెను. అతడొకానొక విమానకంపెనీలో యంత్రములు బాగుచేయు మేస్త్రీయై వయసంతయు గడపెను. ఆ విమానము తుదిసారిగా అచ్చట దిగి జబ్బుపడి లేవజాలకపోగా దానిని బాగుచేయుటకై వచ్చినవాడు కంపెనీ దివాలా యెత్తి జీతము నిలిచి తోడివారెల్ల తమతమ త్రోవలు చూచుకొన్నను తాను మాత్రము కదలడయ్యెను. చుట్టుప్రక్కల రైతుల చమురింజనులు బాగుచేసి నాలుగు గింజలు తెచ్చుకొని నాలుగు మేకలను సాకుకొనుచుండెను. భార్య యెన్నడో పోయెను. పిల్లలు కలుగలేదు.

ప్రతియుదయమును అతడు చేయు మొదటిపని విమానము ముందఱి పంకాలను చేతితో త్రిప్పుట. మూడేసి ఱెక్కలుగల ఆ మహాపంకాలను భుజమునానించి నెమ్మదిగా త్రిప్పుచుండగా లోపల నెచ్చటనో ముసలివాని దగ్గువంటి చప్పుడొకటి వెలువడును. అది చూచి మాలకొండమ్మ తొలినాళ్లలో నవ్వెను. ఎగురని దానికి ఈ యూడిగమేలయని యడిగెను.

"మనం యాడికీ పోకపోయినా ఊపిరి తియ్యటంలా అమ్మాయ్? దీనిదీ అంతే. తిప్పకపోతే చమురంతా కిందికి దిగి కూకుంటది. ఇంజను పట్టేస్తది. ఒకసారి పట్టేసిందా, ఇంక అది ఇమానం కాదు, రేకు" అని యతడు చెప్పెను.

కొఱవి సంగతి ఆమె యతనికి దక్క మఱెవ్వరికిని చెప్పలేదు. విని అతడొక యేర్పాటు చేసెను. ప్రతియుదయమును లేచినతోడనే ఆమె గదిమీదికెత్తి నిలుపు గడకొననకు కావేరి యెఱ్ఱపావడను కట్టవలయును. అది కనబడనిచో అతడు నడచివచ్చి తలుపు తట్టును.

"మరి నీకేమన్నా అయితే నాకెట్టా తెలిసేది తాతా?" అని యామె యడిగెను.

"పంకా చూసుకో" అనెను.

నాటినుండి అతడు ఎడమప్రక్క పంకాను ఒకనాడు ఒక ఱెక్క క్రిందికుండునట్లు నిలుపును. అప్పుడది పంగలకఱ్ఱవలె నుండును. మఱునాడు ఒక ఱెక్క పైకుండునట్లు నిలుపును. అప్పుడది కాళ్లు ఎడముగా చాచి నిలుచున్న మనుష్యునివలె నుండును. మాలకొండమ్మ వాకిట నిలిచి బిడ్డను చంకనెత్తుకొని నేడు పంగ యనియు నేడు మనిషి యనియు చూపుచుండగా కావేరి అమ్మ యను మాట తరువాత నేర్చిన మాట "మణిసి" యనునదే. ఇట్లు ఒక పావడయు ఒక పంకాయు ఆ మరుభూమియందు ఒకదాని యోగక్షేమము లొకటి యరయుచుండగా సంవత్సరము గడచెను.

అంతట ఆ స్థలమునకు సంబంధించిన అధికారులు మైదానమును ఖాళీచేయనెంచి విమానమును వేలము వేసిరి. జిల్లాలో పేరుగల పాతసామాను వ్యాపారి జిలానీ సాయిబు దానిని పాడెను. అతడు మనుష్యులను వెంటబెట్టుకొనివచ్చి పుచ్చకాయను తట్టి చూచునట్లు విమానమును వ్రేళ్లతో తట్టి తట్టి చూచి దానిని ముక్కలుగా కోయుటకు దినము నిర్ణయించెను. దేవసహాయము అతనికి మంచినీళ్లిచ్చి వచ్చి పంకాక్రింద కూర్చుండెను. ఆనాటి సాయంకాలము మాలకొండమ్మ అతని మొగము చూచి బిడ్డను దగ్గఱకు తీసికొనెను. విమానము పోయినచో ఈ ముసలివాడు ఇచ్చట నేల నుండును? ఈతడు పోయినచో తన గడమీది పావడ నెవరు చూతురు?

ఆ వార్త యెట్లో పట్టణమునకు ప్రాకెను. ఆ విమానముననే పడుచుతనమున ప్రయాణికులకు పరిచర్యచేసి యిప్పుడు తల నెఱసి విశ్రాంతి గొన్న కుముదిని యను నామె విని నిదురమాని తనవంటి విమానపిచ్చి గలవారిని కూడగట్టి యొక సంఘము చేసెను. వారిలో పూర్వము విమానములు నడపిన వృద్ధులు కొందఱు. అగ్గిపుల్లలతో విమానములు చేయు బడిపంతులొకడు. జీవితమున నొక్కమాఱే విమానమెక్కి ఆ ముచ్చటను నేటికిని చెప్పి చెప్పి ఇంటివారి ప్రాణములు తోడివేయు వైద్యుడొకడు. వారందఱు వ్యానులో దిగి విమానమును జూచి కొందఱు దానిని కౌగిలించుకొనిరి. ఒకరిద్దరు కండ్లు తుడుచుకొనిరి. మేకలు బెదరి పాఱెను.

కుముదిని జిలానీ సాయిబుకడకు పోయి తాము చందాలెత్తి అతని సొమ్మతనికిచ్చి విమానమును విడిపించుకొందుమనియు అందాక కోత నిలుపవలయుననియు వేడుకొనెను. సాయిబు గడ్డము దువ్వుకొని నవ్వెను.

"అమ్మా, నేను తూకానికి కొన్నా. మీరు ప్రేమకి కొంటామంటన్నారు. ప్రేమతో వచ్చే బేరగాళ్లు ఎప్పుడూ అరువే పెడతారు. సరే, మిరుగు దాకా చూస్తా. మిరుగు దాటితే మాత్రం నా గ్యాసు కట్టరు నా మాట కూడా ఇనదు."

మృగశిర కార్తె పుట్టులోపల ధనము చేకూరవలయును. సంఘమువారు పట్టణమున తిరిగిరి. చెప్పులరిగెనేగాని చేయి నిండదయ్యెను. ఎగురని విమానమునకు చందా యేలయని కొందఱు. ఎగురునదైన నాకేమి ప్రయోజనమని కొందఱు. తుదకు కుముదిని యొక యుపాయము పన్నెను. విమానము ముంగిట ఒకనాడుత్సవము చేసి వచ్చినవారికి టిక్కెట్లమ్మి ఆసనములలో కూర్చుండబెట్టి నడుములకు పట్టీలు బిగించి పూర్వాచారము తప్పక పిప్పరమెంటు బిళ్లలును చెవులలో పెట్టుకొను దూదియు పంచిపెట్టవలయునని నిశ్చయించెను. ఎచ్చటికిని పోని ప్రయాణమునకు టిక్కెట్టు కొను వెఱ్ఱివారుందురా యని వైద్యుడు సందేహింపగా మనము లేమా యని బడిపంతులు బదులు చెప్పెనట. పొగాకు వ్యాపారముచే గడించిన శ్రీమంతునొకని ముఖ్యాతిథిగా పిలిచిరి. అతడు మెచ్చినచో తక్కువపడిన సొమ్ములో పెద్దభాగ మతడే యిచ్చునని ఆశ.

ఉత్సవమునకు ముందునాటి సాయంకాలము సంఘమువారు విమానమును తుడిచి మెఱుగుపెట్టి ముక్కునకు బంతిపూల సరము వ్రేలగట్టి యెడమపంకాను పట్టునాడాతో బంధించిరి. శ్రీమంతుడు నాడా కత్తిరించి తన చేతులతో పంకాను మొదటిసారి త్రిప్పుటయే ప్రారంభోత్సవము. కావున రేపటియుదయమున తాకవద్దని దేవసహాయమునకు గట్టిగా చెప్పిరి. అతడు ఎన్నడును చేయని ఆ లోపమునకు మనస్సొప్పకున్నను తలయూపెను. తెల్లవాఱిన వెంటనే పోయి మాలకొండమ్మకు ఉత్సవపు సంగతియు పంకా సంగతియు చెప్పివత్తుననుకొనెను. కాని చీకటితోనే వ్యాను వచ్చి మంచుగడ్డలకును సోడాలకును అతనిని పట్టణమునకు తీసికొనిపోయెను.

ప్రొద్దు పొడిచెను. మాలకొండమ్మ పావడ గడకు కట్టి బిడ్డనెత్తుకొని వాకిట నిలిచెను. నిన్న పంగ. నేడు మనిషి కావలెను. కన్నులు నులుముకొని చూచెను. పంగయే. ఎండపొడ కన్నులలో పడి యట్లు తోచెనేమో యని చేయి అడ్డముపెట్టి మరల చూచెను. పంగయే. సరే ముసలివాడు గదా, ఆలస్యముగా లేచెనేమో యని లోపలికి పోయి పొయ్యి రాజేసి ప్రొద్దు బారెడెక్కునప్పటికి మనస్సు నిలువక మరల వచ్చెను. పంగయే. విమానమునకు ఆవలిప్రక్క తెల్లని షామియానా యొకటి లేచియుండెను. దానిక్రింద జనము. వరుసగా బండ్లు. తెల్లబట్టలవారు మెల్లగా నడచుచుండిరి. విమానపు ముక్కున బంతిపూల దండ.

పల్లెటూరి కన్నులకు ఇవన్నియు కలిసి చెప్పు మాట ఒక్కటే. మామ పోయిననాడు ఈ గదిముందు వేసినది ఇట్టి షామియానాయే. నాడు జనము ఇట్లే గుంపులుగా నిలిచి మెల్లగా మాటలాడిరి. అతని ఱొమ్మున వేసినది బంతిపూల దండయే. ఎవరో వచ్చి చెప్పవలసిన పనిలేదు. చెప్పవలసిన పంకా చెప్పనే చెప్పెను.

ఆమె ముందేడవలేదు. పొయ్యిలోని కట్టెలు వెలుపలికి లాగి నీళ్లు చల్లి నిప్పు చల్లాఱినదని చేతితో తాకి చూచుకొనెను. ఆ భయమట్టిది. ఆ పిమ్మట బిడ్డను చంకన బిగించుకొని చెప్పులు మఱచి కాలిన పెనమువంటి ఆ బాటకడ్డముగా పరుగెత్తెను. పరుగెత్తునంతసేపు ఆమె తలంపున నుండినది ముసలివాని చావుకాదు. అతడు ఎప్పుడు పోయెను, ఎంతసేపు ఒంటరిగా పడియుండెను, మంచినీళ్లకై పిలిచెనో యేమో యనునవియే. తనకు రాకూడదని రేయింబవళ్లు వెఱచుచుండినది తనకు గాక అతనికి వచ్చెను. అతడు దినదినము తన పావడ చూచెను. తాను ఇన్నాళ్లు చూచి చూచి చూడవలసిన నాడు పొయ్యి రాజేసికొనుచు కూర్చుండెను.

షామియానాలో శ్రీమంతుడు కత్తెర చేతబట్టి నిలిచియుండెను. కుముదిని మైకుముందు స్వాగతము పలుకబోవుచుండెను. అంతలో విరియబోసిన జుట్టుతో ఎఱ్ఱబాఱిన పాదములతో చంకబిడ్డతో ఒక యువతి సభలో చొరబడి నేలగూలి ఓ తాతో, నన్నొదిలి పోతివా తాతో, నీకు గొంతులో నీళ్లు పోసే దిక్కు లేకపోయెనా తాతో యని శోకములు పెట్టి యేడ్వసాగెను. తల్లి యేడ్చుట చూచి బిడ్డయు గొంతెత్తెను. సభ కొయ్యబాఱెను. సోడాబుడ్ల పళ్లెరమును రెండుచేతుల పట్టుకొని కొత్తఖాకీచొక్కా తొడిగిన దేవసహాయము జనమును త్రోసికొనుచు ముందునకు వచ్చెను.

"ఎవరే నిన్నిట్టా ఏడిపించింది?" అని యడిగెను.

ఆమె తలయెత్తి చూచెను. చూచి చూచి, "నువ్వే" అనెను.

"నేనేం జేశా?"

"సచ్చిపోయావు."

"సావలేదమ్మాయ్, సోడాలు పంచుతున్నా. తాగుతావా?"

జనమంతయు ఒక్కపెట్టున నవ్విరి. మాలకొండమ్మయు నవ్వబోయెను. కాని నవ్వు సగముదాక వచ్చి మరల ఏడుపుగా మాఱిపోయెను. దేవసహాయము వెనుదిరిగి నాడా కట్టిన పంకాను చూచెను. అప్పుడతనికి తెలిసెను. పళ్లెరము నేలనుంచి తలకు చుట్టిన తువ్వాలు తీసి ఆమె పాదములు తుడువసాగెను. అంతట నవ్వినవారు నవ్వుట మానిరి.

కుముదిని ఆమెను చేయిపట్టి విమానములోనికి కొనిపోయెను. తోక నేలనున్న విమానమగుటచే లోపలి నడవ కొండయెక్కినట్లుండెను. ఆసనముల వీపులు పట్టుకొని యెక్కి కిటికీప్రక్కన కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చి బిడ్డ పిడికిట పిప్పరమెంటు బిళ్లనుంచి ఇరువదియేండ్ల ప్రాయమున ప్రయాణికుల నడిగిన కంఠముతోనే ఏమి కష్టమని యడిగెను. అట్టి మెత్తని యాసనమున కూర్చుండుట మాలకొండమ్మ కదే ప్రథమము. గాజుకిటికీలోనుండి చూడగా బాటకావల తన గదియు గడయు గడకొనను రెపరెపలాడు ఎఱ్ఱపావడయు కనబడెను. అంత దూరమునుండి తన బ్రతుకెంత చిన్నదో ఆమె అప్పుడు చూచెను. కొఱవినిగూర్చియు పావడనుగూర్చియు పంగనుగూర్చియు మనిషినిగూర్చియు దాచక చెప్పెను.

వినిన కుముదిని కిటికీలోనుండి ఆ పావడను చూచెను. ఆమెయు ఒంటరిదే. పట్టణమున మేడమీది రెండుగదులలో పూలకుండీలతో కాపురము.

"పొద్దున నా కిటికీ తెర తీశానో లేదో చూసేవాళ్లు మా వీధిలో ఒక్కరూ లేరమ్మా" అని మాత్రమనెను. పిదప ఇదంతయు అందఱికి చెప్పవచ్చునా యని యడిగెను. మాలకొండమ్మ తలయూపెను. దానివలన ఏమి వాటిల్లునో ఆమె యెఱుగదు. ఎఱిగినచో తలయూపకుండునా యన్నది ఈ కథకునకును తెలియదు.

కుముదిని మైకుముందు నిలిచి వ్రాసికొన్న స్వాగతోపన్యాసము మఱచి ఈ కథయే చెప్పెను. ఆమె ముగించునప్పటికి శ్రీమంతుడు కత్తెర దేవసహాయము చేతనుంచి తాను వెనుకకు తగ్గెను. ముసలివాడు నాడాను కత్తిరింపలేదు. ముడి విప్పి మడతపెట్టి జేబులో వేసికొని పంకాను భుజమునానించి త్రిప్పి ఒక ఱెక్క నింగికెత్తి నిలిపెను. తల్లిచంకనుండి కావేరి పిప్పరమెంటు చేతితో చూపి "మణిసి" యనెను. ఆ క్షణమున పత్రికవా డొకడు తీసిన ఛాయాపటము మఱునాడు పట్టణమున మేల్కొన్నవారి చేతులలోనెల్ల నుండెను. గుండంచెర్ల దుకాణములో పప్పు చుట్టిన కాగితముగా అది మాలకొండమ్మకు చేరెను. ఆమె సాపుచేసి కూడబలుకుకొని తన పేరు తాను చదువుకొనెను. ఈ వార్త చినుగలేదు. కడపటిదాక నుండెను.

అటుపిమ్మట చందాలు వచ్చిన తీరు చిత్రము. శ్రీమంతు డిచ్చినది యట్లుండ విమానము నెన్నడు నెఱుగనివా రెందఱో పంపిరి. హాస్టలు గదులలో ఒంటిగా నుండు ఉద్యోగినులు పంపిరి. భార్య పోయిన పింఛనుదారులు పంపిరి. రాత్రికావలివాండ్రు పంపిరి. విమానమును రక్షింపుడని కొందఱు వ్రాయగా పెక్కండ్రు ఆ పంకాను ఆపకుడని మాత్రము చెప్పి పంపిరి. మృగశిర రాకముందే సొమ్ము పూర్తియయ్యెను. జిలానీ సాయిబు తాను పెట్టినదానిపైన దమ్మిడీ లాభము పుచ్చుకొనక బదులుగా తన భార్యను తెచ్చి కిటికీప్రక్క నాసనమున కూర్చుండబెట్టి తానును కూర్చుండి పట్టీ బిగించుకొని కొంతసేపటికి దిగి హజ్జుకి పోయొచ్చినంత పనైందని చెప్పి పోయెను.

బ్రతికిన విమానము నెచ్చట నుంచవలయును? మైదానము ఖాళీ చేయవలసినదే గదా. రాజధానిలోని ప్రదర్శనశాలవారు నీడగల చోటిత్తుమనిరి. వానకు తడియదు. ఎండకెండదు. బడిపిల్లలు చూతురు. ఇంతకంటె మేలేమియని సంఘమువారెల్ల సంతసించిరి. కుముదిని మిఠాయిపొట్లముతో ఱేకులగదికి వచ్చి మాలకొండమ్మను కౌగిలించుకొని, "నీవల్లనే బతికింది తల్లీ, నువ్వేడవకపోతే ఈపాటికి ముక్కలై పోయేది" అని చెప్పి అది పట్టణమునకు తరలిపోవు సంగతియు చెప్పెను. మాలకొండమ్మ నవ్వి మిఠాయి పుచ్చుకొనెను. ఆమె మనస్సున మెదలిన మాట వేఱు. తన యేడుపే అంగడికెక్కి తన పొరుగును కొనిపోవుచున్నది. ఎవరి తప్పును లేదు. అందఱును మంచివారే. మంచివారందఱు చేరి చేసిన మంచిపని నడుమ తన గది యొకటి యున్నదని యెవ్వరికిని తోచలేదు. తోచుటకది విమానమంత మెఱయునది కాదు గదా.

నాటి సాయంకాలము దేవసహాయము వచ్చి గడపమీద కూర్చుండెను. ప్రదర్శనశాలవారు అతనిని గూడ రమ్మనిరి. విమానమును కనిపెట్టుకొని యుండుట పని. ఉండుటకు గది. అతని కన్నులలో పొర క్రమ్ముచుండెను. చేరువనే కంటివైద్యశాల గలదట. ఇదంతయు చెప్పి అతడు మేకపిల్ల చెవులు నిమురుచు, "పోనని చెప్పేశా. పంకా తిప్పటానికి ఎవుణ్ణన్నా చూసుకోమన్నా" అనెను.

మాలకొండమ్మ అతని కన్నులలోనికి చూచెను. ఎండలో పాలచుక్కలవలె ఆ పొరలు. ఈ వృద్ధు డిచ్చట నిలిచినచో విమానము లేక బ్రతుకునా? బ్రతికినను గ్రుడ్డివాడై గడమీది పావడ నెట్లు చూచును? పోవద్దు తాతాయను మాట ఆమె నాలుకకొనకు వచ్చెను. ఆ మాట అన్నచో అతడు పోడు. ఆ సంగతి ఆమెకు తెలియును. అతనికిని తెలియును. అది వినుటకే అతడు వచ్చి కూర్చుండెను. ఆమె పొయ్యివైపు తిరిగి కట్టె యెగద్రోయుచు పలికెను.

"నువ్వు ఉన్నా మేం ఉండం తాతా. మా ఆయన లారీ మానేసి వచ్చేస్తన్నాడు. గుండంచెర్లలో ఊరి నడిమిన ఇల్లు చూశాడంట. అటో ఇల్లు, ఇటో ఇల్లు. తుమ్మితే చాలు, చిరంజీవ అనేవాళ్లుంటారు."

"ఎప్పుడంట?"

"మిరుగుకి."

"నిజంగా? పాప మీద ఒట్టెయ్."

మాలకొండమ్మ చేయి బిడ్డ తలవఱకు పోయి నిలిచెను. నిలిచిన చేతితో బిడ్డ జుట్టు సవరించి నవ్వెను. "ఒట్లు పెట్టుకోకూడదని మీ యేసుసామి చెప్పాడని నువ్వేగా అన్నావు" అనెను.

ముసలివాడును నవ్వెను. నమ్మెనో నమ్మినట్లుండెనో చెప్పలేము. లేచి పోవునపుడు మేకలను ఆమె గుంజకు కట్టి పోయెను.

తరలింపునాడు ఱెక్కలు విప్పి పొడవైన లారీమీద కట్టిరి. పంకాలను విప్పుటకు ముందు దేవసహాయము ఎడమపంకాను కడసారి త్రిప్పి మనిషిని నిలిపి బాటకావలివైపు చేయెత్తెను. ఈవల మాలకొండమ్మ బిడ్డచేతిని పట్టి యూపించెను. లారీ కదలెను. ఎండమావుల నీటిలో వెండిహంస కొంతదూరము తేలి కొంతదూరము మునిగి తుమ్మచెట్లకావల తళుక్కుమని మాయమయ్యెను. తిరుపాలు వచ్చునను మాట వట్టిది. అతని లారీ అప్పుడే యెచ్చట నేలను దొలుచుచుండెనో ఆమె యెఱుగదు.

మృగశిర వచ్చెను గాని వాన రాలేదు. మైదానము నడుమ చక్రములు నిలిచినచోట రెండు నల్లని మచ్చలు మాత్రము మిగిలెను. మైదానము ఖాళీచేయించిన అధికారులకు ఆ ఱేకులగది అప్పుడును గుర్తు రాలేదు. నేటికిని మాలకొండమ్మ ఉదయమున లేచి గడకొననకు ఎఱ్ఱపావడ కట్టును. కట్టి అలవాటుచొప్పున వాకిట నిలుచును. కావేరి వ్రేలు చాచి "మణిసి" యనును. అది యడుగుటయో చెప్పుటయో తల్లికి తెలియదు. పంకా లేని దిక్కున ఎండమావి తళతళలాడును. కండ్లు తిరుగు జబ్బు ఇంకను తగ్గలేదు. ఆ పావడను చూడగల కన్నులు ఇప్పుడు దినమునకొకసారి రైలుకట్టమీద పోవు ప్యాసింజరు బండిలోనివి మాత్రమే.

కావున ఓ చదువరులారా, రాజధానికి పోయి ఆ వెండివిమానమును చూచువారు చూడుడు. దానిప్రక్కన ఖాకీచొక్కాతో ముసలివా డొకడుండును. అతనికి బాగుగనే యున్నది. కన్నులు గూడ బాగుపడినవట. కాని మీలో నెవరైన పెదమిట్టమీదుగా పోవు బండి నెక్కినయెడల దక్షిణపు కిటికీకడ కూర్చుండుడు. మైదానము రాగానే చేతిలోని పత్రిక మడిచి ఒక్కసారి వెలుపలికి చూడుడు. తుమ్మల నడుమ ఱేకులగది మీద గడ యొకటి కనబడును. గడకొనను ఎఱ్ఱపావడ యెగురుచున్నచో మీ దారిని మీరు సుఖముగా పొండు. ఎగురకున్నచో మాత్రము ముందఱి స్టేషనులో దిగి వెనుకకు నడచివచ్చి ఆ తలుపు తట్టుడు. పలుకకున్నచో త్రోయుడు. లోపల బిడ్డ యున్నది.